అందరికీ ఒకేసారి కష్టమొస్తే

ఈ రోజు మాకిచ్చిన అంశం బీమా. తుపాను, వరద వంటి పెద్ద విపత్తులకు బీమా ఒకటి. బ్యాంకు కంప్యూటర్ల మీద, మన ఫోన్ల మీద జరిగే సైబర్ దాడులకు బీమా మరొకటి. గాలివానకూ కంప్యూటరుకూ ఏమిటి పొత్తు అని మీలో కొందరికి అనిపించవచ్చు. పొత్తు ఉంది. రెండింటిలోనూ కష్టం ఒక్క ఇంటికి రాదు, ఒకే పూట వేల ఇళ్లకు వస్తుంది. బీమా అనే ఏర్పాటు తడబడేది సరిగ్గా అక్కడే. ఎందుకు తడబడుతుందో, అప్పుడు ఎవరు ఒంటరిగా మిగులుతారో, మనం ఏమి అడగాలో చెప్పాలని మా ప్రయత్నం.

మన సంఘాల్లో చాలాచోట్ల మరణ సహాయ నిధి ఉంటుంది. వంద కుటుంబాలు నెలకు యాభై రూపాయల చొప్పున వేస్తున్నాయనుకుందాం. ఏడాదికి అరవై వేలు పోగవుతుంది. ఏడాదిలో నాలుగైదు ఇళ్లలో అవసరం పడుతుంది. అందుకే నిధి నిలుస్తుంది. బీమా కంపెనీ లెక్క కూడా ఇదే, అంకెలు మాత్రం పెద్దవి. మరి వంద ఇళ్ల కప్పులూ ఒకే రాత్రి గాలికి లేచిపోతే? తెల్లారేసరికి వందమందీ నిధి దగ్గరే నిలబడతారు. ఇచ్చేవాళ్లెవరూ ఉండరు, అందరూ అడిగేవాళ్లే.

ఇది ఊహ కాదు. యానాం వారికి 1996 నవంబరు 6 రాత్రి గుర్తుంది. 2022 జులైలో గోదావరి పొంగి అదే యానాం వీధుల్లోకి వచ్చింది. బరంపురం, గంజాం, గజపతి ప్రాంతాల వారికి 2018 అక్టోబరు నాటి తిత్లీ గుర్తుంది. చెన్నైలో తరతరాలుగా పారిశుద్ధ్య పనిలో ఉన్న మన తెలుగు కుటుంబాలు 2015 డిసెంబరు వరదల తర్వాత ఊరి బురద ఎత్తిపోశాయి.

ఇలాంటి రోజు వస్తుందని బీమా కంపెనీలకు తెలుసు. అందుకే అవి తమ భారంలో కొంత మరో పెద్ద కంపెనీకి అప్పగించి, దానికి ప్రీమియం కడతాయి. దీన్ని రీఇన్సూరెన్స్ అంటారు. ఆ పెద్ద కంపెనీలు ప్రపంచమంతా వ్యాపారం చేస్తాయి. ఒడిశాలో తుపాను, జపానులో భూకంపం ఒకే రోజు రావు కాబట్టి ఒకచోటి ప్రీమియంతో మరోచోటి నష్టం తీర్చవచ్చు. గాలివానకు ఒక హద్దు ఉండటమే ఆ లెక్కకు ఆధారం.

సైబర్ నష్టానికి ఆ హద్దు లేదు. ఒకే సాఫ్ట్‌వేరు ముంబయిలోనూ లండన్‌లోనూ నడుస్తుంది. అది పాడైతే రెండు చోట్లా ఒకే క్షణంలో పని ఆగుతుంది. 2024 జులై 19న ఒక భద్రతా సాఫ్ట్‌వేరులో వచ్చిన లోపం వల్ల ప్రపంచంలో సుమారు 85 లక్షల కంప్యూటర్లు మొరాయించాయి. మన విమానాశ్రయాల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. అది దాడి కూడా కాదు, ఒక కంపెనీ పంపిన అప్‌డేట్‌లో తప్పు. అదే నెల చివర మన దేశంలో చిన్న బ్యాంకులకు సాంకేతిక సేవలందించే ఒక సంస్థ మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. అది మిగతా చెల్లింపుల వ్యవస్థకు పాకకుండా ఆ సంస్థతో సంబంధాన్ని తాత్కాలికంగా తెంచవలసి వచ్చింది. సుమారు 300 సహకార, గ్రామీణ బ్యాంకుల ఖాతాదారులకు యూపీఐ వంటి సేవలు ఆగాయి. దెబ్బ పడింది ఒక్క సంస్థ మీద, ఇబ్బంది పడింది మూడు వందల బ్యాంకుల ఖాతాదారులు. అలాంటి బ్యాంకుల్లో డబ్బు దాచుకునేది ఎక్కువగా మనలాంటివారే.

ఇంతకన్నా పెద్ద ఉదాహరణ 2017 జూన్ 27 నాటిది. నాట్‌పెట్యా అనే దాడి ఉక్రెయిన్‌లో ఒక అకౌంటింగ్ సాఫ్ట్‌వేరు ద్వారా మొదలై గంటల్లో ఖండాలు దాటింది. నవీ ముంబయి దగ్గరి జవహర్‌లాల్ నెహ్రూ పోర్టులో ఒక టెర్మినల్ పని దెబ్బతింది. మెర్క్ అనే మందుల కంపెనీ సుమారు 140 కోట్ల డాలర్ల నష్టానికి బీమా అడిగింది. ఇది ఒక ప్రభుత్వం చేసిన యుద్ధచర్య, యుద్ధనష్టం పాలసీలో లేదు అని బీమా సంస్థలు వాదించాయి. న్యూజెర్సీ కోర్టులు మెర్క్ పక్షాన తీర్పు చెప్పాయి, చివరికి 2024 జనవరిలో రాజీ కుదిరింది. ఈలోగా లండన్‌లోని లాయిడ్స్ మార్కెట్ తన జాగ్రత్త తాను చూసుకుంది. ప్రభుత్వాల అండతో జరిగే పెద్ద సైబర్ దాడులను మినహాయించే షరతు 2023 మార్చి 31 నుంచి సైబర్ పాలసీల్లో ఉండాలని నిర్ణయించింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచిద్దాం. నష్టం మరీ పెద్దదైతే బీమా కంపెనీ మెల్లగా పక్కకు తప్పుకుంటుంది. దాన్ని తిట్టి లాభం లేదు, దాని లెక్క దానిది. కానీ మెర్క్‌కు కోర్టుకు వెళ్లే స్థోమత ఉంది. పోర్టు పని ఆగినప్పుడు కూలి పోగొట్టుకున్న హమాలీకి, బ్యాంకు సేవ ఆగినరోజు మందులు కొనలేకపోయిన ముసలమ్మకు ఏ పాలసీ ఉంది?

కంపెనీలు తప్పుకున్న చోట దారే లేదా అంటే, ఉంది. 2001 సెప్టెంబరు 11 తర్వాత ఉగ్రవాద దాడులకు రక్షణ ఇవ్వడానికి రీఇన్సూరెన్స్ కంపెనీలు వెనకడుగు వేశాయి. పెద్ద భవనాలు, ఫ్యాక్టరీలు బీమా లేకుండా ఉండిపోయే పరిస్థితి వచ్చింది. అప్పుడు మన దేశంలోని సాధారణ బీమా కంపెనీలన్నీ కలిసి 2002 ఏప్రిల్‌లో ఒక ఉమ్మడి నిధి ఏర్పాటు చేసుకున్నాయి. ప్రభుత్వరంగంలోని జీఐసీ దాన్ని నడుపుతోంది. అమెరికాలోనైతే ఆ ఏడాది నవంబరులో చట్టమే చేసి ప్రభుత్వం వెనక నిలబడింది. ఇలా, అవసరం బలవంతులకు వచ్చినప్పుడు నెలల్లో ఉమ్మడి నిధి పుట్టింది. ఫ్యాక్టరీకి సాధ్యమైన ఏర్పాటు పూరిగుడిసెకు ఎందుకు సాధ్యం కాదు? ఈ ప్రసంగంలో మేము చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఇదే.

గుడిసెకు ఇప్పుడున్నది ప్రభుత్వ సహాయం. 2022 నుంచి 2026 వరకు అమలుకు కేంద్రం ఖరారు చేసిన విపత్తు సహాయ నియమాల్లో మరణానికి 4 లక్షలు, మైదాన ప్రాంతంలో పూర్తిగా కూలిన ఇంటికి 1 లక్షా 20 వేలు, గుడిసెకు 8 వేలు. ఎనిమిది వేలతో ఏ గుడిసె లేస్తుందో మీకే తెలుసు. పైగా దాన్ని ఎక్స్‌గ్రేషియా అంటారు, అంటే దయతో ఇచ్చేది. బీమా అలా కాదు. అది ఒప్పందం, రాకపోతే నిలదీసి అడగవచ్చు. పేదవాడికి దయ, ఉన్నవాడికి ఒప్పందం అనే తేడా తొలగాలి.

దానికి దారులు మొదలయ్యాయి. నష్టాన్ని ఇంటింటికీ వచ్చి కొలవకుండా, వాన ఇన్ని మిల్లీమీటర్లు దాటితే, ఎండ ఇన్ని డిగ్రీలు దాటితే వెంటనే డబ్బు వేసే పద్ధతి ఒకటుంది. దీన్ని పారామెట్రిక్ బీమా అంటున్నారు. సేవ అనే మహిళా కార్మిక సంఘం గుజరాత్, రాజస్థాన్, మహారాష్ట్రల్లోని తన సభ్యులకు వడదెబ్బ కాలంలో కూలి నష్టానికి ఇలాంటి రక్షణ తెచ్చింది. 2024 ఎండల్లో వేలాదిమంది స్త్రీలకు డబ్బు అందింది. నాగాలాండ్ ప్రభుత్వం రాష్ట్రం మొత్తానికే విపత్తు పాలసీ కొన్నది. ఇందులో లోపం లేకపోలేదు. వానకొలత కేంద్రం దూరంగా ఉంటే ఇక్కడ మునిగినా అక్కడి కొలత చాలలేదనవచ్చు. అయినా సర్వేయరు కోసం, పట్టా కాగితం కోసం ఎదురుచూడనక్కరలేని పద్ధతి అద్దె ఇళ్లలో, పట్టా లేని స్థలాల్లో ఉండే మనవాళ్లకు మేలు. రాష్ట్ర ప్రభుత్వాలే ప్రీమియం కట్టి ఇలాంటి పాలసీ తేవాలని మనం అడగాలి.

అది వచ్చేలోగా చేతిలో ఉన్నవాటిని వదులుకోవద్దు. ప్రధానమంత్రి సురక్షా బీమాకు ఏడాదికి 20 రూపాయలు. ప్రమాద మరణానికి 2 లక్షలు వస్తుంది. తుపాను, వరద మరణాలు కూడా అందులోకి వస్తాయి. జూన్ 1 నాటికి ఖాతాలో ఆ ఇరవై రూపాయలు లేక పాలసీ ఆగిపోయినవారు ఉంటారు. చూసుకోండి. 2021 ఏప్రిల్ నుంచి భారత్ గృహ రక్ష అనే ప్రామాణిక ఇంటి పాలసీ ఉంది. నిప్పుతోపాటు తుపాను, వరద, భూకంపం కూడా అందులో ఉన్నాయి. అద్దెకున్నవారు సామాన్లకు మాత్రమే తీసుకోవచ్చు. ఆటో నడిపేవారు ఒకటి గమనించండి: చట్టం కోసం కట్టే థర్డ్ పార్టీ పాలసీతో వరదలో పాడైన మీ బండికి పైసా రాదు.

ఫోన్ మోసాల సంగతి. 2017 జులై 6న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం మన చేతిలో ఉన్న మంచి ఆయుధం. బ్యాంకు లోపం వల్ల డబ్బు పోతే బాధ్యత బ్యాంకుదే. తప్పు మనదీ బ్యాంకుదీ కాక మధ్యలో ఇంకెక్కడో ఉంటే, సమాచారం అందాక మూడు పనిదినాల్లో చెబితే మనకు నష్టం లేదు. నాలుగు నుంచి ఏడు రోజుల్లోపు చెబితే మామూలు పొదుపు ఖాతాదారు భరించేది 10 వేలకు మించదు. తప్పు ఖాతాదారుదే అని రుజువు చేయవలసింది బ్యాంకు. ఓటీపీ మనమే చెప్పేస్తే, ఫిర్యాదు చేసేదాకా పోయినది మన నష్టం. ఆ తర్వాత పోయేది బ్యాంకు నష్టం. అందుకే వెంటనే బ్యాంకుకూ 1930 నంబరుకూ ఫోన్ చేయాలి. డిజిటల్ అరెస్టు అని భయపెట్టి మనచేతే డబ్బు పంపించుకుంటే ఈ రక్షణ దొరకడం కష్టం. అలాంటి అరెస్టు ఏ చట్టంలోనూ లేదని ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పండి. బ్యాంకు డిపాజిట్ల మీద 5 లక్షల బీమా ఉంది కదా అని కొందరంటారు. అది బ్యాంకు మూతపడితే వచ్చేది, దొంగతనానికి వర్తించదు.

బీమా కంపెనీ క్లెయిమ్ తిరస్కరిస్తే ముందు ఆ కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చినది న్యాయంగా లేకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. రుసుము లేదు, వకీలు అక్కరలేదు. తమిళనాడు వారికి చెన్నై, కర్ణాటక వారికి బెంగళూరు, ఒడిశా వారికి భువనేశ్వర్, మహారాష్ట్ర వారికి ప్రాంతాన్ని బట్టి ముంబయి, ఠాణే లేదా పుణె. యానాం పుదుచ్చేరిలో భాగమే అయినా అక్కడివారు వెళ్లవలసింది హైదరాబాదు కార్యాలయానికి.

చివరగా ఒక మనవి. మనలో చాలామంది పెద్దలకు చదవడం వచ్చేది తెలుగు ఒక్కటే. పాలసీ కాగితం ఇంగ్లీషులో, బ్యాంకు మెసేజీ ఇంగ్లీషులో, ఆఫీసులో మాట కన్నడంలోనో ఒడియాలోనో మరాఠీలోనో. మూడు రోజుల గడువు మాత్రం అందరికీ ఒకటే. చదవలేనివారికి ఆ మూడు రోజులూ తెలియకుండానే గడిచిపోతాయి. కాబట్టి ప్రతి సంఘంలోనూ ఇద్దరు యువతీయువకులు వారానికి ఒక గంట కూర్చుని పెద్దల కాగితాలు, మెసేజీలు చదివిపెట్టాలని కోరుతున్నాం. ఎవరికి ఏ పాలసీ ఉంది, ఎప్పటితో ముగుస్తుంది అనేది ఒక పుస్తకంలో రాసిపెట్టండి. ఎవరికి ఏదీ లేదో కూడా రాయండి. రేపు ఉమ్మడి నిధి కోసం కలెక్టరు దగ్గరికో, ఎమ్మెల్యే దగ్గరికో వెళ్లినప్పుడు మన చేతిలో ఉండవలసింది ఆ రెండో జాబితాయే.