ఆదివారం ఆదివారం ఆట: మెట్ట పిల్లలకు ఒక సాఫ్ట్‌బాల్ లీగ్



ఆత్మకూరు, ఉదయగిరి, వింజమూరు, మర్రిపాడు వైపు బళ్ళలో పనిచేసే పి.డి. సార్లు, మేడములు, ఊళ్ళో నలుగురినీ కూడగట్టగల పెద్దలు, డిగ్రీ చదువుతూ పిల్లలకు ఏదన్నా చేద్దామనుకునే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఈ పూట మాటలు కాస్త శ్రద్ధగా వినండి. మన నెల్లూరు మెట్ట ప్రాంతంలో పిల్లలకు సాఫ్ట్‌బాల్ లీగ్ పెట్టాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో, డబ్బు ఎవరిని ఎట్లా అడగాలో చెబుతాను.

ముందు లీగ్ అంటే ఏమిటో తేల్చుకుందాం. సంక్రాంతికో, తిరునాళ్ళకో మన ఊళ్ళలో క్రికెట్ టోర్నమెంటు పెడతారు. మొదటి బహుమతి ఫలానా వారు, రెండో బహుమతి ఫలానా వారు అని సెంటర్లో ఫ్లెక్సీ కడతారు. అంటే ఆటకు డబ్బిచ్చే చెయ్యి మన దగ్గర లేకపోలేదు. కానీ ఆ డబ్బంతా గెలిచిన ఒకటి రెండు జట్లకే పోతుంది. ఏ.ఎస్. పేట నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన కుర్రాడు మొదటి మ్యాచ్ ఓడితే తొమ్మిదింటికల్లా ఇంటిదారి పడతాడు. మళ్ళీ ఆట వచ్చే ఏడాదే. లీగ్‌లో అలా కాదు. ఆత్మకూరులో నాలుగు జట్లు, ఉదయగిరిలో నాలుగు జట్లు అనుకోండి. ఒక ఊళ్ళో నాలుగు జట్లూ ఒకదానితో ఒకటి రెండేసి సార్లు ఆడితే పన్నెండు మ్యాచ్‌లు. ఆదివారానికి రెండు చొప్పున ఆరు ఆదివారాలు. ఓడినా గెలిచినా ప్రతి జట్టుకూ ఆరు మ్యాచ్‌లు దక్కుతాయి. ఏడో ఆదివారం రెండు ఊళ్ళ మొదటి జట్లూ ఒకచోట ఆడతాయి. దాతల దగ్గరికి పోయినప్పుడు మీరు చెప్పాల్సింది ఇదే: బహుమతికి ఇచ్చే డబ్బు ఈసారి పిల్లల ఆటకు ఇవ్వండి అని.

సాఫ్ట్‌బాలే ఎందుకని అడుగుతారు. మన ఊళ్ళలో సాయంత్రం అయిదు తర్వాత గ్రౌండ్ మగపిల్లల క్రికెట్‌కే చెల్లు. ఆడపిల్లలు గోడవారన నిలబడి చూడాల్సిందే. సాఫ్ట్‌బాల్ అలాంటి చోట కొత్తగా వచ్చే ఆట కాబట్టి దాని మీద ఎవరికీ పాత హక్కు లేదు. మొదటి రోజే సగం జట్లు ఆడపిల్లలవని ప్రకటిస్తే కాదనేవాళ్ళు ఉండరు. పైగా స్కూల్ గేమ్స్‌లో అండర్-14, అండర్-17, అండర్-19 విభాగాల్లో బాలబాలికలిద్దరికీ ఈ ఆట ఉంది. జట్టుకు తొమ్మిది మంది, ఏడు ఇన్నింగ్స్, బౌలింగ్ చెయ్యి కిందనుంచి. గంటన్నరలో మ్యాచ్ అయిపోతుంది.

1887లో అమెరికాలోని షికాగోలో పుట్టిన ఆట ఇది. మన దేశంలో సాఫ్ట్‌బాల్ సంఘం 1961లో ఏర్పడింది. ఒలింపిక్స్‌లో మహిళల సాఫ్ట్‌బాల్ 1996 నుంచి 2008 దాకా ఉండి, టోక్యోలో ఒకసారి కనబడి, 2028 లాస్ ఏంజెలెస్‌కు మళ్ళీ వస్తోంది. ఒలింపిక్స్ అంత దూరం చూడక్కర్లేదు, మన రాష్ట్రంలోనే అనంతపురం ఉంది. 1969లో విన్సెంట్ ఫెర్రర్ దంపతులు మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ అక్కడ క్రీడాగ్రామం కట్టి, పల్లె పిల్లలకు నేర్పిన ఆటల్లో సాఫ్ట్‌బాల్‌నూ చేర్చింది. మన మెట్టకంటే వాన తక్కువ పడే నేల అది. మీ పి.డి. సారును ఒక్కసారి అక్కడికి పంపి రెండు రోజులు చూసి రమ్మనండి. పుస్తకం చదివితే రానిది అక్కడ వస్తుంది.

ఇక గ్రౌండ్. జిల్లా పరిషత్ హైస్కూలు ఆవరణ చాలు. హెడ్‌మాస్టర్ అనుమతి, పాఠశాల యాజమాన్య కమిటీ తీర్మానం రెండూ కాగితం మీద తీసుకోండి. రేపు హెడ్‌మాస్టర్ బదిలీ అయితే ఆ కాగితమే మిమ్మల్ని కాపాడుతుంది. ఆటలో పరుగెత్తి చేరాల్సిన బేసులు గుర్తించడానికి ఇంజనీరు అక్కర్లేదు. ఒక మేకు హోమ్ దగ్గర, అంటే బంతి కొట్టేవాళ్ళు నిలబడే చోట, కొట్టండి. అక్కడినుంచి నేరుగా 84 అడుగుల 10 అంగుళాలు కొలిచి ఇంకో మేకు కొట్టండి, అది రెండో బేసు. 120 అడుగుల తాడు తీసుకుని సరిగ్గా సగానికి, అంటే 60 అడుగుల దగ్గర ముడి వేయండి. రెండు కొసలూ రెండు మేకులకు కట్టి, ముడి పట్టుకుని కుడివైపుకు బిగువుగా లాగితే ముడి ఆగిన చోట మొదటి బేసు. ఎడమవైపుకు లాగితే మూడో బేసు. నలుపలకా సమంగా వచ్చేస్తుంది. పిచ్చింగ్ దూరం పెద్ద ఆడపిల్లలకు 43 అడుగులు, చిన్నపిల్లలకు తగ్గించండి. కొట్టేవాళ్ళు ఉత్తరం వైపు చూసేట్టు హోమ్ పెట్టుకుంటే పొద్దునా సాయంత్రమూ ఎండ వాళ్ళ కళ్ళలో పడదు. గీతలకు ముగ్గుపిండి వాడండి. కాల్చిన సున్నం మాత్రం వద్దు. జారిపడిన పిల్ల కంట్లో పడితే చూపే పోతుంది.

సామాను దగ్గర చాలామంది బెదిరిపోతారు. ఎనిమిది జట్లంటే ఎనిమిది కిట్లు అనుకుంటారు. కానీ ఆలోచించండి, గ్లవ్స్ కావాల్సింది ఫీల్డింగ్ చేసే జట్టుకే. ఇన్నింగ్స్ మారగానే వాళ్ళు విప్పి అక్కడ పెట్టిపోతే ఇవతలి జట్టు తొడుక్కుంటుంది. కాబట్టి గ్రౌండుకు ఒక కిట్ చాలు. కుడిచేత్తో విసిరేవాళ్ళకు ఎడమచేతికి తొడిగే గ్లవ్స్ తొమ్మిది, ఎడమచేతివాటం పిల్లలకు ఇంకో రెండు, బ్యాట్లు మూడు, బంతులు ఒక డజను, హెల్మెట్లు అయిదు, క్యాచర్‌కు మాస్కు, ఛాతీ కవచం, కాళ్ళ ప్యాడ్లు ఒక సెట్టు. రెండు ఊళ్ళకూ రెండు కిట్లు. మీరట్, జలంధర్ తయారీదారుల దగ్గర నేరుగా ధర కనుక్కోండి, ముగ్గురి దగ్గర కొటేషన్ రాయించుకోండి. ఖర్చు తగ్గించాలనుకుంటే జెర్సీల్లో తగ్గించండి, హెల్మెట్లలో, క్యాచర్ మాస్కులో తగ్గించవద్దు. బంతి గట్టిది, మొహానికి తగిలితే పళ్ళు రాలతాయి.

డబ్బు సంగతికొస్తాను. 1939లో అమెరికాలోని విలియమ్స్‌పోర్ట్ అనే చిన్న ఊళ్ళో కార్ల్ స్టోట్జ్ అనే ఆయన పిల్లల బేస్‌బాల్ లీగ్ పెట్టబోయి, యాభైకి పైగా సంస్థల గడప తొక్కాడు. అందరూ లేదన్నారు. చివరికి ఒక పాల డెయిరీ సరేనంది. తర్వాత ఒక కలప అడితి, ఒక తినుబండారాల సంస్థ ముందుకొచ్చాయి. ఒక్కో జట్టు యూనిఫారాలకు 30 డాలర్లు సరిపోయాయి. మొత్తం మూడే జట్లు. ఇవాళ ప్రపంచమంతా తెలిసిన లిటిల్ లీగ్ అలా మొదలైంది. అందులో అమ్మాయిల సాఫ్ట్‌బాల్ 1974లో చేరింది. పాలవాడు, అడితివాడు, చిరుతిళ్ళ వ్యాపారి మన బజార్లోనూ ఉన్నారు గదా!

వాళ్ళను అడిగేటప్పుడు చందా పుస్తకం తీయకండి. వస్తువు పేరు చెప్పి అడగండి. "అన్నా, మాకు డబ్బు వద్దు. రెండు హెల్మెట్లు కావాలి, బిల్లు మీ పేరునే తీసుకోండి" అంటే ఎరువుల అంగడి ఆయన చెయ్యి త్వరగా కదులుతుంది. మెడికల్ షాపు ఆయనను ప్రథమ చికిత్స పెట్టె, మినరల్ వాటర్ ప్లాంటు ఆయనను ఆదివారం నీళ్ళ క్యాన్లు, హోటల్ వాళ్ళను ఆట తర్వాత ఇడ్లీ అడగండి. వచ్చిన ప్రతి వస్తువూ గ్రౌండులో పెట్టి ఫోటో తీసి పంపండి. పిల్లల పేర్లు, ఫోన్ నంబర్లు మాత్రం వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి.

ఇంకో మార్గం ఉదయగిరిలోనే ఉంది. అక్కడి చెక్క చెంచాలకు, గరిటెలకు జి.ఐ., అంటే భౌగోళిక గుర్తింపు ఉంది. పనివాళ్ళ దగ్గర బేరమాడకుండా వాళ్ళు చెప్పిన ధరకు కొని, నాలుగు రకాలు కలిపి పొట్లం కట్టి, నెల్లూరు ఆఫీసుల్లో, అపార్టుమెంట్లలో కాస్త లాభానికి అమ్మండి. ఆ లాభం లీగుకు. బహుమతులు కూడా ప్లాస్టిక్ కప్పులు మాని, ఆ పనివాళ్ళ చేతే చెక్క జ్ఞాపికలు చేయించండి. మన ఊరి పని మన పిల్లల చేతిలో ఉంటే ఎంత బాగుంటుందో ఒక్కసారి ఊహించుకోండి.

కొంచెం డబ్బు కదలడం మొదలవగానే సొసైటీ రిజిస్టర్ చేయించండి. 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులుండాలి. ఆ ఏడుగురిలో ముగ్గురన్నా ఆడవాళ్ళు ఉండేట్టు చూడండి, ఇది చట్టం చెప్పేది కాదు, నేను కోరేది. బ్యాంకు ఖాతా సొసైటీ పేరున, ఇద్దరి సంతకాలతో ఉండాలి. ఫోన్‌పే స్కానర్ ఆ ఖాతాదే అయ్యుండాలి, సెక్రటరీ సొంత నంబరు పనికిరాదు. మన ఊళ్ళలో మంచి పనులు ఆగిపోయింది డబ్బు లేక కాదు, లెక్క చెప్పక. ప్రతి సోమవారం జమాఖర్చు ఒక తెల్లకాగితం మీద రాసి బడి నోటీసు బోర్డుకు అంటించండి.

80జి అని మనం పిలుచుకునే పన్ను మినహాయింపు రిజిస్ట్రేషన్ మెల్లగా తెచ్చుకోవచ్చు. అది ఉన్నా 2,000 రూపాయలకు మించి నగదు ఇచ్చిన దాతకు మినహాయింపు రాదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్న ఉద్యోగికి ఎలాగూ వర్తించదు. అది చూపించి ఎవరికీ ఆశపెట్టకండి. కంపెనీల సామాజిక బాధ్యత (సి.ఎస్.ఆర్.) నిధుల కోసం మొదటి ఏడే తిరగకండి. ఆ నిధులు ఖర్చు చేయదగ్గ పనుల జాబితాలో గ్రామీణ క్రీడల శిక్షణ ఉన్నమాట నిజమే. కానీ 2021 నిబంధనల ప్రకారం బయటి సొసైటీకి డబ్బివ్వాలంటే ఆ పనిలో కనీసం మూడేళ్ళ అనుభవం చూపాలి. స్కోరు పుస్తకాలు, ఆడిట్ కాగితాలు మొదటి ఆదివారం నుంచే దాచుకోండి, నాలుగో ఏడు అవే అక్కరకొస్తాయి.

విదేశాల్లో ఉన్న మనవాళ్ళ విషయంలో మరీ జాగ్రత్త. కువైట్‌లోనో అమెరికాలోనో ఉన్నా భారత పాస్‌పోర్టే ఉన్నవారు తమ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారైతే, ఓ.సి.ఐ. కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్.సి.ఆర్.ఎ.) కింద అనుమతి లేకుండా రూపాయి కూడా ముట్టుకోకూడదు. వాళ్ళ పిల్లలు వాడి వదిలేసిన గ్లవ్స్, బ్యాట్లు సొసైటీకి పంపినా అదే చట్టం. పంపేముందే పాస్‌పోర్టు ఏ దేశానిదని అడగండి. మొహమాటపడితే మీ సొసైటీ చిక్కుల్లో పడుతుంది.

తల్లిదండ్రుల సమ్మతి పత్రం లేకుండా ఏ పిల్లనూ ఆడించవద్దు. ఆడపిల్లల జట్టు ప్రయాణంలో ఒక మహిళా టీచరో, తల్లో తప్పక ఉండాలి. గ్రౌండులో వాడుకోదగ్గ మరుగుదొడ్డి లేకపోతే ఆ గ్రౌండు వద్దు, ఇంకోటి వెతకండి. రెండో నెలకే అమ్మాయిలు ఎందుకు మానేశారని తర్వాత తలపట్టుకోవడం కంటే ఇది నయం. జిల్లా సాఫ్ట్‌బాల్ సంఘాన్ని మొదట్లోనే కలవండి. వాళ్ళతో కలిసి నడిస్తేనే మన పిల్లలు ఎంపికలకు వెళ్ళగలరు.

ఇక ఎప్పుడంటారా? అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు తుఫాన్ల కాలం. మార్చిలో పదో తరగతి పరీక్షలు. మధ్యలో సంక్రాంతి తర్వాత ఆరేడు ఆదివారాలు ఖాళీగా ఉన్నాయి, పొద్దున ఏడుకు మొదలుపెడితే పదికల్లా నీడకు చేరొచ్చు. దసరా సెలవుల్లో పి.డి. సార్లు కలిసి జట్లు కట్టండి, దీపావళికి దాతల దగ్గరికి పోండి, డిసెంబరులో సామాను తెప్పించండి. మొదటి సీజన్ అయ్యాక నాలుగు రూపాయలు మిగిలితే సన్మానాలకు, శాలువాలకు పెట్టకుండా మూడో కిట్ కొనండి. వింజమూరు పిల్లలు అడగకముందే అది వాళ్ళ బడికి చేరాలి.