పక్కన పెట్టిన విత్తనమే మన గాదెలు నింపింది

(ఆలమూరు రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సార్వా కోతల ముందు తుఫాను వచ్చి చేను పడిపోతే "పోనీలే, అంతా మన మంచికే" అని ఓదార్చేవాళ్లు ఉంటారు. పంట పోయిన కౌలు రైతు ముందు ఆ మాట అనకూడదు. పడిపోయిన చేలో మంచి లేదు, అప్పు ఉంది. పరిహారం అడగడం మన హక్కు, అడుగుతూనే ఉంటాం. అయితే అనుకున్నది తప్పినచోట అనుకోని మేలు జరగడం కూడా వ్యవసాయంలో ఉంది. అది ఊరికే రాదు. ఎలా వస్తుందో చెప్పే కథ మనం రోజూ తినే అన్నంలోనే ఉంది.

1950ల్లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ అండతో కటక్ వరి పరిశోధన కేంద్రంలో పెద్ద పథకం నడిచింది. జపాన్ తరహా వరి పొట్టిగా ఉండి, ఎరువు వేస్తే దిగుబడి పెంచుతుంది. మన వరి పొడుగ్గా పెరిగి పడిపోతుంది. రెంటినీ సంకరం చేస్తే ఆసియా ఆకలి తీరుతుందని ఆశపడ్డారు. సంకరాలు వందల్లో చేశారు. చాలావాటికి తాలే మిగిలింది. పనికొచ్చిన రకాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. వాటిలో ఒకటి 1965లో మలేషియాలో విడుదలైన మసూరి. మన దేశంలో మాత్రం, పడిపోయే రకమని దాన్ని పక్కన పెట్టారు.

అక్కడితో కథ ముగియాలి. కానీ ఆంధ్రకు చెందిన ఒక వ్యవసాయ కూలీ ఆ విత్తనాలు కొన్ని పట్టుకెళ్లాడని శాస్త్రవేత్తలే రాశారు. రైతు నుంచి రైతుకు చేతులు మారి, ప్రచారం లేకుండా, మసూరి దేశంలో ఎక్కువగా సాగయ్యే రకాల్లో ఒకటైంది. ఆ కూలీ పేరు మాత్రం మనకు మిగల్లేదు.

తర్వాత పరిశోధన కేంద్రాలే మసూరిని వెతుక్కుంటూ వచ్చాయి. గోదావరి అవతల మార్టేరులో వశిష్ట రకంతో మసూరిని కలిపి, 1982లో స్వర్ణ తెచ్చారు. మనం ఎమ్‌టీయూ 7029 అని పిలిచేది అదే. 1986లో బాపట్ల నుంచి సాంబ మసూరి వచ్చింది, దానికీ మసూరే ఒక తల్లి. స్వర్ణ ఒడిశా, బెంగాల్ దాటి బంగ్లాదేశ్ దాకా వెళ్లింది. 2009లో వచ్చిన స్వర్ణ సబ్-1 రెండు వారాల దాకా మునిగినా తట్టుకుంటుంది. మురుగు కాలువలు పూడిపోయిన మన ప్రాంతానికి దాని విలువ వేరే చెప్పక్కర్లేదు.

ఇదంతా ఎందుకు జరిగింది? ఒకటి, చేలో నిలబడి కళ్లతో చూసిన మనిషి ఉన్నాడు. రెండు, ఆ విత్తనాన్ని దాచుకోవడానికి, పొరుగువాడికి ఇవ్వడానికి అడ్డు లేదు. ఈ రెండోది పోతే మొదటిది ఉన్నా ప్రయోజనం లేదు.

2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం 39వ సెక్షన్ మనకు ఆ హక్కు ఇచ్చింది. విత్తనం దాచుకోవచ్చు, మళ్లీ చల్లుకోవచ్చు, మార్చుకోవచ్చు, బ్రాండు పేరు పెట్టకుండా అమ్ముకోవచ్చు. అయినా 2019లో గుజరాత్ బంగాళాదుంప రైతుల మీద పెప్సికో కేసులు వేసింది. దేశమంతా రైతు సంఘాలు నిలదీశాకే వెనక్కి తీసుకుంది. 2021లో ఆ రకం రిజిస్ట్రేషన్ కూడా రద్దయింది గానీ, ఆ రద్దు తర్వాత కోర్టులో నిలవలేదు. హక్కు కాగితం మీద ఉంటే చాలదని అర్థమైంది కదా!

అందుకే మూడు పనులు చేద్దాం. తుఫానుకో, తెగులుకో చేను దెబ్బతింటే, దున్నేసే ముందు ఒకసారి గట్టు దిగి నడవండి. నిలబడిన దుబ్బులుంటే గుర్తుపెట్టి, విడిగా కోసి, విత్తనం దాచండి, మార్టేరు శాస్త్రవేత్తలకు చూపించండి. ఊరూరా సంఘం తరఫున విత్తనాల మార్పిడి పెట్టుకుందాం. కొత్త విత్తన చట్టం ఏది వచ్చినా, 39వ సెక్షన్ హక్కుకు గండి కొడితే ఒప్పుకోబోమని కలిసి చెబుదాం.

పోయిన పంటకు పరిహారం ప్రభుత్వం ఇవ్వాలి. పోయిన పంటలో మిగిలిన గింజను కాపాడుకోవలసింది మనమే.