ఏ ప్రింటు చూసి రాశారు? (అధ్యక్షోపన్యాసం)



కుటుంబ కథాచిత్రాల సదస్సుకు నా పేరు అనుకున్నప్పుడు నిర్వాహకుల్లో ఒకరు “ఆయన మళ్ళీ ప్రింట్ల గొడవ ఎత్తుతాడు” అన్నారని నా చెవిన పడింది. ఆయన ఎదుటి వరసలోనే ఉన్నారు. ఎత్తుతాను. అయితే ఈసారి ఒక్క సినిమా పట్టుకుని ఎత్తుతాను. అది 1961 మే నెలలో విడుదలైన తమిళ చిత్రం ‘పాశమలర్’.

కథ మీకు నేను చెప్పక్కర్లేదు. తల్లీతండ్రీ లేని అన్నాచెల్లెళ్ళు. చెల్లెలు దాచిన డబ్బుతో అన్న బొమ్మల తయారీ పెట్టి పైకొస్తాడు. చెల్లెలు అన్నకు నచ్చని మనిషిని ప్రేమిస్తుంది. పెళ్ళవుతుంది, అత్త వరస మనిషి ఇంట్లో చేరుతుంది, ఇళ్ళు రెండవుతాయి. కథ కె.పి. కొట్టారక్కరది, అంటే మలయాళీది. మాటలు ఆరూర్ దాస్‌వి. శివాజీ గణేశన్‌కి ఆయన రాసిన మొదటి సినిమా ఇదే. ఆ తరవాత ఆయన వెనక్కి చూసుకోలేదు. పాటలు కణ్ణదాసన్, సంగీతం విశ్వనాథన్–రామమూర్తి, ఛాయాగ్రహణం విఠల్ రావు. చెల్లెలు మన సావిత్రి, జోలపాటలో ఆమె గొంతు మన సుశీల. దర్శకుడు ఎ. భీమ్‌సింగ్.

భీమ్‌సింగ్ పేరు ఎత్తగానే మనవాళ్ళు కొందరు “తిరుపతిలో పుట్టాడండీ, మనవాడే” అని చప్పట్లు కొడతారు. పుట్టాడు, సంతోషం. ఆ తరవాత ఏమిటి? మనవాడు అన్న ఉత్సాహం జన్మస్థలం దగ్గరే ఆగిపోతుంది. ఆయన ఏ గదిలో పెరిగాడో ఎవరూ అడగరు. ఆయన పెరిగింది ఎడిటింగు గదిలో, కృష్ణన్–పంజు దగ్గర. అందులో పంజు స్వయంగా ఎడిటరు. భీమ్‌సింగ్ పెద్ద కొడుకుల్లో లెనిన్ ఎడిటరయ్యాడు, కణ్ణన్ కెమెరా పట్టాడు. ‘అమ్మైయప్పన్’ పోయింది, ‘రాజా రాణి’ వచ్చింది, 1958లో ‘పతిభక్తి’తో నిలదొక్కుకున్నాడు. ఆ తరవాత ‘ప’ అక్షరంతో మొదలయ్యే పేర్ల వరస మీకు కంఠతా వచ్చు. 1961 ఒక్క ఏట మూడు: ‘పావమన్నిప్పు’, ‘పాశమలర్’, ‘పాలుం పళముం’. మూడూ శివాజీతోనే. ఇంత పని ఒక్క ఏడాదిలో చేసినవాడి గురించి మనం రాసేదేమిటి? ఏడిపించాడని. ఎలా ఏడిపించాడో రాయం. ఎడిటరు ఏడిపించే పద్ధతి వేరు, నాటకకర్త ఏడిపించే పద్ధతి వేరు.

ఆ జోలపాటనే చూడండి. అన్న ఒక ఇంట్లో, చెల్లెలు ఇంకో ఇంట్లో. ఎవరి బిడ్డకు వాళ్ళు జోల పాడుతున్నారు. పాట ఒకటే, ఇళ్ళు రెండు. నాటకంలో దీన్ని చూపడానికి వేదిక మధ్య గోడ కట్టాలి. భీమ్‌సింగ్ ఆ గోడను కత్తెరతో కట్టాడు. అన్న దగ్గర ఎంతసేపు ఆగాడు, చెల్లెలి దగ్గరికి ఏ స్వరం మీద వెళ్ళాడు, బిడ్డ ముఖం మీద ఎన్ని సెకన్లు నిలిచాడు, ఈ లెక్కలోనే ఉంది ఆ దుఃఖమంతా. మాటల రచయితకు అక్కడ పని లేదు. సెకనుకు 24 ఫ్రేములు, అడుగుకు 16. నిమిషానికి 90 అడుగులు. భీమ్‌సింగ్ రాసిన వ్యాకరణం ఈ అంకెల్లో ఉంది.

ఇక నా గొడవ. ఆ అంకెలు మీరు ఏ ప్రింటులో లెక్కపెట్టారు?

పాతికేళ్ళ కిందట ఒక మిత్రుడు వ్యాసం చదివారు. ‘పాశమలర్’ తెలుగు రూపమైన ‘రక్తసంబంధం’లో జోలపాట దగ్గర చెల్లెలి వైపు షాట్లు తగ్గిపోయాయనీ, అది పురుషాధిక్య దృష్టి అనీ సిద్ధాంతం చేశారు. సభ హోరెత్తింది. నేను లేచి ఒకే ప్రశ్న వేశాను: “ఆ షాట్లు సినిమాలో లేవా, మీరు చూసిన వీడియో క్యాసెట్టులో లేవా?” దానికి జవాబు ఇంతవరకూ రాలేదు. ఆ వ్యాసం మాత్రం రెండు సంకలనాల్లో అచ్చయింది. విద్యార్థులు దాన్ని ఉదహరిస్తున్నారు. సిద్ధాంతం తప్పని నేననను. పునాదిలో ఇటుకలున్నాయో లేదో చూసుకోమంటాను.

ప్రింటు ఎలా అరుగుతుందో తెలియనివాళ్ళు ఈ రంగంలో చాలామంది చేరారు. పట్నంలో ఆడిన ప్రింటు జిల్లా కేంద్రానికి, అక్కణ్ణించి తాలూకాకు, చివరికి టూరింగ్ టాకీసుకు వచ్చేది. తెగిన ప్రతిచోటా ఆపరేటరు రెండు మూడు ఫ్రేములు కోసి జిగురుతో అతికించేవాడు. ఎక్కువ అరిగేవి రీలు మొదలు, రీలు చివర. గుండె పిండే మలుపు రీలు చివర పడితే ముందు నలిగేది అదే. పైగా రెండో ఆటకు బస్సు అందాలని పాట తీసేసే యజమానులు, టీవీలో ప్రకటనలకు చోటు చెయ్యాలని కుదించే కార్యక్రమాల వాళ్ళు. మా ఊరి టూరింగ్ టాకీసు ఆపరేటరు ఆ కోసిన ముక్కలు ఖాళీ బీడీల డబ్బాలో వేసి ఉంచేవాడు. పిల్లలం ఎదురుచూసి పట్టుకెళ్ళేవాళ్ళం. చీకటి గదిలో తలుపు సందులోంచి అద్దంతో ఎండ పట్టి, భూతద్దం అడ్డం పెట్టి, ఫిల్ము ముక్కను గోడ మీద బొమ్మగా వేసేవాళ్ళం. తలకిందులుగా సావిత్రి ముఖం. నా దగ్గర అలాంటివి నాలుగైదు ఉండేవి. ఇప్పుడు తలచుకుంటే అనిపిస్తుంది, ఆ తరవాత ఊళ్ళో ఆ సినిమా చూసినవాళ్ళకు ఆ నాలుగైదు ఫ్రేములు తక్కువ పడ్డాయి. అప్పట్లో ఊరూరా ఇదే ఆట.

మరో వర్గం ఉంది. “రీమేకంటే కాపీ, దాని మీద పరిశోధన ఏమిటి” అనే వర్గం. వాళ్ళకు ‘పాశమలర్’ కంటే మంచి జవాబు లేదు. 1962లో అదే కథ రెండు భాషల్లో వచ్చింది. హిందీ ‘రాఖీ’ భీమ్‌సింగే తీశాడు, అశోక్ కుమార్, వహీదా రెహమాన్‌లతో. ఉత్తమ నటుడిగా అశోక్ కుమార్‌కు, ఉత్తమ కథకు కొట్టారక్కరకు ఫిల్మ్‌ఫేర్ వచ్చాయి. తెలుగు ‘రక్తసంబంధం’ వి. మధుసూదనరావు తీశారు. అన్న ఎన్టీఆర్, బావ కాంతారావు, సంగీతం ఘంటసాల. మాటలు రాసింది ఎవరు? హాస్యరచయితగా పేరు మోసిన ముళ్ళపూడి వెంకటరమణ. తెర మీద వినిపించిన ఆయన తొలి మాటలే ఇంత కన్నీటి కథవి. నిర్మాత డూండీ తెగువ అది. తమిళంలోనూ తెలుగులోనూ చెల్లెలు సావిత్రే. అంటే ఒకే నటి, ఒకే పాత్ర, ఏడాది తేడాలో, ఇద్దరు అన్నలు, ఇద్దరు దర్శకులు. తమిళంలో భర్తగా నటించినవాడు నిజజీవితంలోనూ భర్త. తెలుగులో అన్నగా నటించినవాడు అదే 1962లో ‘గుండమ్మ కథ’లో ఆమె జోడీ. జనం రెంటినీ చూశారు, ఎక్కడా తడబడలేదు. నటన మీద పరిశోధించేవాడికి ఇంతకంటే చక్కని ప్రయోగశాల ఏ దేశపు సినిమాలో దొరుకుతుంది? పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళెంతమంది? నాకు తెలిసి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, వాళ్ళలోనూ ఏ ప్రింటో రాసినవాళ్ళు లేరు.

తమిళం వాళ్ళకు ‘ఫిల్మ్ న్యూస్’ ఆనందన్ దొరికాడు. జీవితమంతా కాగితాలు, ఫొటోలు పోగుచేశాడు. రాండర్ గై, థియడోర్ భాస్కరన్ సినిమా చరిత్ర రాశారు. మనకు పాటల పుస్తకాలు దాచినవాళ్ళున్నారు, వాళ్ళకు దండం. పాటల పుస్తకంలో పల్లవి ఉంటుంది, షాటు ఉండదు. అందుకే మన విమర్శ పాట దగ్గరా డైలాగు దగ్గరా ఆగిపోతోంది. ‘భాగప్పిరివినై’ మనకు ‘కలసి ఉంటే కలదు సుఖం’ అయింది, ‘పడిక్కాద మేధై’ ‘ఆత్మబంధువు’ అయింది. తమిళ మాతృకలు రెండూ భీమ్‌సింగ్‌వే. వీటిలో ఏం మారిందని అడిగితే పేర్లు మారాయని చెబుతారు. వాటిని తెలుగులో తీసిన తాపీ చాణక్య, పి.ఎస్. రామకృష్ణారావు చేసిన పని అంతేనా?

సాధనాలు లేవనడం కుంటిసాకు. సెన్సారు సర్టిఫికెట్టు మీద పొడవు ఉంటుంది, రీళ్ళ సంఖ్య ఉంటుంది. సెన్సారు తీయించిన కత్తిరింపుల వివరాలు భారత ప్రభుత్వ గెజిట్‌లో అచ్చయ్యేవి. పాత గెజిట్లు పెద్ద గ్రంథాలయాల్లో దుమ్ము పట్టి ఉన్నాయి. చేతిలో ఉన్న ప్రింటు నిడివి కొలిచి ఆ పొడవుతో పోల్చి చూస్తే ఎంత పోయిందో తెలుస్తుంది. మొన్న ఒక సంస్థకు ఈ పని కోసం దరఖాస్తు పెడితే “దీనివల్ల సమాజానికి ప్రయోజనం?” అని గడి నింపమన్నారు. నింపాను. డబ్బు రాలేదు, ఆ సంగతి వదిలేద్దాం.

నెగెటివుల్లో వెండి ఉంటుందని కరిగించి అమ్ముకున్న కథలు మీరు విన్నారు. ఉన్నవి ఉన్నంతలో వెతకాలి. డిస్ట్రిబ్యూటర్ల వారసుల అటకలు, మూతపడ్డ థియేటర్ల ఆపరేటర్ల జ్ఞాపకాలు, వాళ్ళు రీలు మార్పిడి కోసం రాసుకున్న నోటు పుస్తకాలు. ఆ తరం ఆపరేటర్లు పోతున్నారు. పండితులను ఇంటర్వ్యూ చేయడం ఓ ఐదేళ్ళు ఆపి వాళ్ళ దగ్గరికి వెళ్ళండి.

అధ్యక్షుడిగా నాకు ఇచ్చిన హక్కుతో ఈ సభ ముందు రెండు తీర్మానాలు పెడుతున్నాను. వచ్చే సదస్సు నుంచి సినిమా మీద సమర్పించే ప్రతి వ్యాసం మొదటి పేరాలో రచయిత చూసిన ప్రింటు ఏది, దాని నిడివి ఎంత, సర్టిఫికెట్టు పొడవు ఎంత అన్నది రాయాలి. రెండోది, ‘పాశమలర్’, ‘రక్తసంబంధం’, ‘రాఖీ’ మూడింటికీ షాటు వారీ జాబితా తయారు చేయడానికి ఐదుగురితో ఒక కమిటీ వేయాలి. కమిటీకి పేర్లు ఈ మధ్యాహ్నం భోజనాల లోపు కార్యదర్శిగారికి ఇవ్వండి. మొదటి పేరు నాదిగా రాసుకోమని ఆయనకు ఇప్పటికే చెప్పాను.