ఎవరి వివరం ఎక్కడ దాచాలి?



స్నాతకోత్సవంలో జీవితం గురించి పెద్ద మాటలు చెప్పడం రివాజు. నేను మాత్రం ఈ రోజు కంప్యూటర్ విభాగంలో పట్టాలు అందుకుంటున్న మీకు ఉద్యోగంలో మొదటి నెలలోనే ఎదురయ్యే ఒక చిన్న నిర్ణయం గురించి చెబుతాను. వెబ్ అప్లికేషన్‌లో కొత్త ఫైలు తెరుస్తారు. అందులో రాయాల్సింది క్లాసా, నాలుగు ఫంక్షన్లున్న మాడ్యూలా?

ఎన్‌క్యాప్సులేషన్, ఇన్‌హెరిటెన్స్, పాలిమార్ఫిజం గురించి నిద్రలో లేపి అడిగినా చెప్పగలరు మీరు. పరీక్షల్లో మాడ్యూలుకు అంత మర్యాద దక్కదు. చరిత్రలో మాత్రం క్లాసు, మాడ్యూలు రెండూ దాదాపు ఒకే ఈడువి. నార్వేలో ఓలే-యోహాన్ డాల్, క్రిస్టెన్ నైగార్డ్ రూపొందించిన సిములా 67 భాషతో క్లాసు వచ్చింది. ప్రోగ్రామును మాడ్యూళ్లుగా ఎలా విడగొట్టాలో 1972లో డేవిడ్ పార్నస్ ఒక వ్యాసంలో చెప్పారు. పని జరిగే వరుసను బట్టి విడగొట్టవద్దని, రేపు మారే అవకాశమున్న నిర్ణయం ఏదో చూసి దాన్ని ఒక మాడ్యూలు లోపల దాచాలని ఆయన వాదన. ఇప్పటికీ దీన్ని మించిన సలహా నాకు కనబడలేదు.

1995లో బ్రెండన్ ఐక్ జావాస్క్రిప్ట్‌ను తయారుచేసినప్పుడు అందులో ఈ రెండూ లేవు. ఏ ఫైలులో పైన ప్రకటించిన వేరియబులైనా పేజీ మొత్తానికి కనిపించేది. ఇద్దరు ఒకే పేరు పెడితే ఒకరిది ఇంకొకరు చెరిపేసేవారు. ఆ బాధ పడలేక కోడంతా ఒక ఫంక్షన్‌లో చుట్టి, రాసిన చోటే నడిపించేవాళ్లు. చివరికి 2015 జూన్‌లో వెలువడిన ప్రమాణంతో క్లాసు, మాడ్యూలు ఒకేసారి భాషలోకి వచ్చాయి. ఆ క్లాసు పైకి జావాలా కనిపించినా లోపల నడిచేది పాత ప్రొటోటైప్ పద్ధతే.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. బస్సు టికెట్లు అమ్మే సైటు ఒకటి ఊహించుకోండి. ఛార్జీ ఇస్తే పన్ను లెక్క కట్టే ఫంక్షన్ ఉంది. అది దేన్నీ గుర్తు పెట్టుకోదు, ఎవరు అడిగినా అదే లెక్క చెబుతుంది. దానికి క్లాసు కట్టి, ఆబ్జెక్టు తయారుచేసి, ఆ తర్వాత పిలవడం దండగ పని. మాడ్యూలులో ఒక ఫంక్షన్ చాలు.

అదే మాడ్యూలు పైభాగంలో ఎవరో తొందరలో ‘ప్రస్తుత ప్రయాణికుడు’ అని ఒక వేరియబుల్ పెట్టారనుకోండి. నోడ్ సర్వరులో మాడ్యూలు ఒక్కసారే నడుస్తుంది. ఎన్ని ఫైళ్లు దాన్ని పిలిచినా అందరికీ దక్కేది ఆ ఒక్క ప్రతే. విజయవాడ నుంచి లక్ష్మి బుక్ చేస్తుంది, వేరియబుల్‌లో ఆమె పేరు పడుతుంది. డేటాబేసు జవాబు కోసం కోడు ఆగుతుంది. ఆ సందులో వరంగల్ నుంచి రమేష్ రిక్వెస్టు వస్తుంది, లక్ష్మి పేరు చెరిగి రమేష్ పేరు పడుతుంది. డేటాబేసు జవాబు వచ్చాక లక్ష్మి చేతికందే టికెట్టు మీద రమేష్ పేరు ఉంటుంది. ఆ వేరియబుల్ హాస్టల్ నోటీసు బోర్డు లాంటిది. చివర ఎవరు రాస్తే అందరికీ అదే కనిపిస్తుంది. లాప్‌టాప్‌లో పరీక్షించేది మీరొక్కరే కాబట్టి ఈ తప్పు అక్కడ పట్టుబడదు, రద్దీ పెరిగిన రోజు బయటపడుతుంది.

దీనికి విరుగుడు రెండు రకాలు. ప్రయాణికుడి వివరాన్ని ప్రతి ఫంక్షన్‌కూ నేరుగా అందించండి. లేదా ఒక్కో బుకింగుకు ఒక్కో ఆబ్జెక్టు తయారయ్యేలా క్లాసు రాయండి. సీటు ఎంపిక, చెల్లింపు, రద్దు వంటి దశలు బుకింగుకు ఉంటాయి గనక ఇక్కడ క్లాసు తన జీతం తాను సంపాదించుకుంటుంది. డేటాబేసు కనెక్షన్ల పూల్ మాత్రం సర్వరు ప్రాసెస్ మొత్తానికి ఒక్కటే కావాలి, దాన్ని మాడ్యూలులో పెట్టడమే సరైన పని.

క్లాసుకూ దాని తలనొప్పులు ఉన్నాయి. మెథడ్‌ను తీసి బటన్ క్లిక్‌కి అప్పగిస్తే ‘దిస్’ జారిపోతుంది. మాడ్యూలులో ఎవరూ వాడని ఫంక్షన్లను బండ్లర్లు తీసేయగలవు. క్లాసులో వాడని మెథడ్లను మాత్రం మామూలుగా అలాగే మోసుకొస్తాయి. 2019 ఫిబ్రవరిలో రియాక్ట్ 16.8తో హుక్స్ వచ్చాక ఆ ప్రపంచం ఫంక్షన్ల వైపు మళ్లింది. అయినా అక్కడ ఎర్రర్ బౌండరీ సొంతంగా రాసుకోవాలంటే క్లాసే దిక్కు. ఆంగ్యులర్‌లోనైతే కాంపోనెంట్ అంటేనే క్లాసు. మీరు చేరిన జట్టు ఏ పద్ధతిలో ఉంటే ముందు ఆ పద్ధతిలోనే రాయండి, వాదన తర్వాత.

నా తీర్పు ఇది. మాడ్యూలులో ఫంక్షన్‌తో మొదలుపెట్టండి. ఒకే రకం వస్తువులు అనేకం ఉండి, ఒక్కొక్కటీ తన వివరం తాను గుర్తు పెట్టుకుంటూ, ఆ వివరం కాలంతో మారుతూ ఉంటే క్లాసు రాయండి. ఏదో ఒక రోజు అవసరం పడుతుందిలే అని ముందే రాయకండి.

రేపు కోడ్ రివ్యూలో సీనియర్ ‘దీన్ని క్లాసుగా ఎందుకు రాశావ్?’ అని అడుగుతారు. కాలేజీలో అలాగే నేర్పారని చెప్పకండి. ఇది దేన్ని గుర్తు పెట్టుకోవాలో, ఇలాంటివి ఎన్ని ఉంటాయో, ఏ వివరం బయటికి కనబడకూడదో చెప్పండి. ఆ మూడింటికీ జవాబు చెప్పలేకపోతే క్లాసును తీసేయడానికి మొహమాటపడకండి.