ఎవరు ఎవర్ని చెడగొట్టారు?



మాస్టారు హైస్కూలు పిల్లల మధ్యనే జీవితం గడిపారు. అందుకే ఆయన పేరున జరిగే ఈ ఉపన్యాసానికి బడి వయసు కుర్రాడి కథ ఒకటి ఎంచుకున్నాను. దెయ్యాలుండవు గానీ భయపెడుతుంది. స్టీఫెన్ కింగ్ రాసిన 'ఆప్ట్ ప్యూపిల్' 1982లో 'డిఫరెంట్ సీజన్స్' సంపుటిలో వచ్చింది. అందులో ఋతువుకొకటి చొప్పున నాలుగు పెద్ద కథలు. ఇది వేసవిది.

కాలిఫోర్నియాలో టాడ్ బౌడెన్‌కి పదమూడేళ్లు. కలిగిన ఇల్లు, మంచి మార్కులు. స్నేహితుడింట్లో పాత పత్రికలు తిరగేస్తూ నాజీ శిబిరాల మోజులో పడ్డాడు. తమ ఊళ్లోనే పేరు మార్చుకుని బతుకుతున్న డుసాండర్ అనే ముసలాయన ఒకప్పటి శిబిరాధికారి అని పసిగట్టాడు. పోలీసులకు చెప్పలేదు. నేరుగా వెళ్లి తలుపు తట్టి, అక్కడ జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పకపోతే పట్టిస్తానన్నాడు. డబ్బు అడగలేదు.

ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు మనవాళ్లు. ఇక్కడ సావాసం కోరి వచ్చింది పిల్లవాడు. ఓ రోజు సైనిక దుస్తులు తెచ్చి ముసలాయన చేత తొడిగించి, కవాతు చేయమన్నాడు. మొదట సిగ్గుపడుతూ, తడబడుతూ నడిచిన మనిషికి కాసేపటికి పాత నడక వచ్చేసింది. ఆగమన్నా ఆగలేదు. అప్పుడు వణికింది పిల్లవాడు. ఇలాంటి చోట కింగ్‌ని మించినవాడు లేడని నా అభిప్రాయం. నిద్రపోతున్నదాన్ని ఎవడు లేపాడో కళ్లారా చూపిస్తాడు.

ఆ కథలు బుర్రకెక్కాక టాడ్ మార్కులు పడిపోయాయి. ప్రోగ్రెస్ కార్డు చెరిపి దిద్దాడు. (మాస్టారైతే దాన్ని వెలుతురుకెదురుగా పట్టి చూసేవారు!) బడివాళ్లు కబురంపితే డుసాండరే తాతగారిలా వెళ్లి మాట్లాడొచ్చాడు. ఆ తర్వాత రోజూ దగ్గర కూర్చోబెట్టి చదివించి, మార్కులు నిలబెట్టింది కూడా ఆయనే. దొరికితే ఇద్దరం మునుగుతామన్న భయం మరి. కళ్లు సరిగా కనబడని పెద్దాయనకు తమ వాడు పుస్తకాలు చదివి వినిపిస్తున్నాడని తల్లిదండ్రులు మురిసిపోయారు. మార్కులు బాగుంటే మన ఇళ్లలో మాత్రం ఎవరు ఆరా తీస్తారు? చివరికి తీగ లాగినవాడు ఆ బడి కౌన్సెలరే. అదీ ఏళ్ల తర్వాత. అతణ్ణి టాడ్ కాల్చేశాడు. 1998లో వచ్చిన సినిమా ఇంతదూరం రాలేదు, బెదిరింపుతో సరిపెట్టింది.

పుస్తకమే చెడు సావాసమైతే? కింగ్ 1977లో రిచర్డ్ బాక్‌మన్ అనే మారుపేరుతో 'రేజ్' అనే నవల ప్రచురించాడు. అందులో ఒక విద్యార్థి టీచర్లను చంపి తరగతిని బందీ చేస్తాడు. 1997లో కెంటకీ రాష్ట్రం పాడూకా దగ్గరి హైస్కూల్లో ఓ కుర్రాడు ముగ్గురు అమ్మాయిల్ని కాల్చి చంపాడు. అతని దగ్గర ఆ నవల ఉందని తేలడంతో కింగ్ తనంతట తానే దాన్ని మార్కెట్లోంచి తీయించాడు. హంతకుల్ని తన పుస్తకం తయారుచేసిందని ఆయన ఒప్పుకోలేదు. అలాంటి పిల్లల చేతికి అది అందకూడదన్నాడు, అంతే.

'ఆప్ట్ ప్యూపిల్'ని మాత్రం తీయించలేదు. కారణం కథ చెప్పిన తీరులో ఉందనుకుంటాను. 'రేజ్'లో తుపాకీ పట్టినవాడే 'నేను' అంటూ చెబుతాడు, తరగతిలో దాదాపు అందరూ అతని వైపు తిరుగుతారు. అలిగిన కుర్రాడికి అదో ఆసరా. టాడ్ పక్కన అలా చేరేవాళ్లు కథలో ఒక్కరూ లేరు, ఆ ముసలాయనతో సహా.