చెరకు తోట నుంచి కేజీహెచ్ దాకా: పాముకాటు, ఒక గాజు ట్యూబు, 20 నిమిషాలు

ఈరోజు మాట్లాడేది పాముకాటు గురించి. అయితే పాము కరిస్తే చేయాల్సిన పది పనులు అని లిస్టు చదివే వీడియో కాదు ఇది. మన చోడవరం వైపు చెరకు తోటలో ఒక మనిషిని పాము కరిచింది, విశాఖ కేజీహెచ్‌కి తీసుకెళ్లారు అనుకుందాం. అక్కడ లోపల ఏం జరుగుతుంది? మంచం చుట్టూ అంతమంది తెల్లకోట్లు ఎందుకు? అదీ ఈరోజు విషయం.

ఎందుకంటే మన ఊళ్లలో ఒక మాట ఉంది, మీరూ వినే ఉంటారు. "అక్కడికెళ్తే స్టూడెంట్లు మన మీద నేర్చుకుంటార్రా బాబూ" అంటారు. ఆ భయంతో ముందు మంత్రం వేసేవాళ్ల దగ్గరికి వెళ్తారు, తర్వాత ఇంకెక్కడికో వెళ్తారు. ఆసుపత్రికి వచ్చేసరికి కళ్లు మూతలు పడిపోతుంటాయి. మన దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం లెక్కగట్టింది. సగటున ఏడాదికి 58 వేలు. ఎక్కువ చావులు జరిగే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. పోయేది ఎక్కువగా పల్లెల్లో పొలం పనులకెళ్లే వాళ్లే.

సరే, తోటలోకి వద్దాం. మన దగ్గర ప్రాణం తీసేవి ముఖ్యంగా నాలుగు: తాచుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. తాచు, కట్లపాము విషం నరాల మీద పని చేస్తుంది. రెప్పలు వాలిపోతాయి, మింగలేరు, ఆఖరికి ఊపిరి ఆగుతుంది. కట్లపాముతో ఇంకో చిక్కు. రాత్రి నేల మీద పడుకున్నవాళ్లని కరుస్తుంది, నొప్పి ఉండదు, గాటు కూడా సరిగ్గా కనపడదు. తెల్లారి కడుపునొప్పి అని లేస్తారు, ఇంట్లో గ్యాస్ అనుకుంటారు. పింజర్ల విషం మాత్రం రక్తం మీద పని చేస్తుంది. రక్తం గడ్డకట్టే గుణం పోతుంది.

కాబట్టి కట్టు బిగించొద్దు, కొయ్యొద్దు, నోటితో పీల్చొద్దు. విరిగిన కాలుని కదలకుండా ఎలా ఉంచుతారో అలా ఉంచి 108కి ఫోన్ చెయ్యండి. పాముని వెతికి చంపి సంచిలో వేసుకుని తేవాల్సిన పని లేదు. వెతకబోయి రెండోవాడు కాటు తిన్న కథలు ఊరికొకటి ఉంటాయి. చోడవరం నుంచి విశాఖకి సబ్బవరం మీదుగా వెళ్లినా, అనకాపల్లి మీదుగా వెళ్లినా గంట పైనే పడుతుంది. అందుకని ముందు దగ్గర్లో ఉన్న ప్రభుత్వ ఆసుపత్రికే వెళ్లాలి. విషం ఎక్కిన లక్షణాలుంటే విరుగుడు మందు మొదటి డోసు అక్కడ పడిపోవాలి, పెద్దాసుపత్రికి పంపడం ఆ తర్వాత. పాముకాటులో గంట అంటే చాలా పెద్ద మాట.

ఇప్పుడు కేజీహెచ్. 1923లో వైజాగపటం మెడికల్ కాలేజీ అని మొదలైంది, 1940లో ఆంధ్రా మెడికల్ కాలేజీ అయింది. కింగ్ జార్జ్ హాస్పిటల్ ఆ కాలేజీకి బోధనాసుపత్రి. వెయ్యికి పైగా మంచాలు. శ్రీకాకుళం నుంచి, విజయనగరం నుంచి, ఏజెన్సీ నుంచి చివరికి చేరేది అక్కడికే. కొత్తగా వెళ్లినవాడికి క్యాజువాలిటీ ఎటో, బ్లడ్ బ్యాంకు ఎటో తెలియడానికే ఒక పూట పడుతుంది. అది నిజం, దాచక్కర్లేదు.

క్యాజువాలిటీలో మిమ్మల్ని ముందు చూసేది చాలాసార్లు హౌస్ సర్జనే. అంటే ఎంబీబీఎస్ చదువు, పరీక్షలు అయిపోయి ఏడాది పాటు ఆసుపత్రిలో పని చేసే కుర్రాడో, అమ్మాయో. మీ వయసే ఉంటుంది, మీకన్నా తక్కువ నిద్రపోయి ఉంటారు. వాళ్ల పైన పీజీ, అంటే డాక్టరైపోయి ఎండీ చేస్తున్నవాళ్లు. పైన అసిస్టెంట్ ప్రొఫెసర్, ఆపైన యూనిట్ చీఫ్. హౌస్ సర్జన్ చూసింది పీజీ మళ్లీ చూస్తారు, పొద్దున్న రౌండ్స్‌లో చీఫ్ ముందు ఆ కేసు చెప్పాలి. చెప్పినదాంట్లో లొసుగు ఉంటే అందరి ముందూ ప్రశ్నలు పడతాయి. ఒకే మనిషిని నలుగురు చూడటం మీకు విసుగే. నా ఉద్దేశంలో మాత్రం, ఒకరు వదిలేసింది ఇంకొకరికి దొరికే అవకాశం అక్కడే ఉంది.

ఆ హౌస్ సర్జన్ చేసే మొదటి పనుల్లో ఒకటి చూస్తే మీకు నవ్వొస్తుంది. రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి ఒక గాజు ట్యూబులో పోసి పక్కన పెట్టేస్తారు. కదపరు. 20 నిమిషాలు. బంధువులకి ఒళ్లు మండిపోతుంది, "మావాడు చచ్చిపోతుంటే వాచీ చూసుకుంటున్నాడేంటి" అని. అసలు పరీక్ష అదే. 20 నిమిషాల తర్వాత ట్యూబు వంచితే రక్తం గడ్డకట్టి ఉండాలి. ఇంకా నీళ్లలా కారితే విషం రక్తాన్ని పట్టేసింది, చాలావరకు పింజరే. మెషీను అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. కానీ ట్యూబు గాజుదే అవ్వాలి, ప్లాస్టిక్ పనికిరాదు. గాజు తగిలితేనే గడ్డకట్టే పని సరిగ్గా మొదలవుతుంది. పొడిగా, కొత్తగా ఉండాలి. సబ్బుతో కడిగిన ట్యూబైతే మామూలు మనిషి రక్తం కూడా గడ్డకట్టకపోవచ్చు. ఇలాంటివి పుస్తకంలో ఒక లైనుంటాయి. మంచం పక్కన పీజీ గదమాయిస్తేనే బుర్రలో ఉంటాయి. రేపు ఆ కుర్రాడే మాడుగులలోనో పాడేరులోనో డ్యూటీలో ఒక్కడే ఉంటాడు. అక్కడ వెనకాల పీజీ ఉండరు, ల్యాబ్ మూసేసి ఉంటుంది, చేతిలో గాజు ట్యూబు ఒక్కటే ఉంటుంది.

తర్వాత మందు. మామూలుగా 8 నుంచి 10 వయల్స్‌తో మొదలుపెడతారు. పిల్లాడికైనా అదే డోసు, ఎందుకంటే చిన్నపిల్లాడని పాము విషం తగ్గించి ఎక్కించదు కదా. కొందరికి ఈ మందు పడక దద్దుర్లు, ఆయాసం వస్తాయి, అందుకే పక్కన అడ్రినలిన్ సిద్ధంగా ఉంచుతారు. 6 గంటల తర్వాత మళ్లీ అదే గాజు ట్యూబు పరీక్ష. ఆరు గంటలే ఎందుకంటే, గడ్డకట్టించే పదార్థాలు లివర్ మళ్లీ తయారు చేసుకోవడానికి ఆ మాత్రం టైమ్ కావాలి.

రిసెర్చ్ సంగతి ఇక్కడే వస్తుంది. ఈ విరుగుడు మందు గుర్రాల రక్తం నుంచి తయారవుతుంది. దానికి కావాల్సిన విషం చాలావరకు చెన్నై దగ్గర 1978లో పెట్టిన ఇరుల పాములవాళ్ల సహకార సంఘం నుంచి వస్తుంది. అయితే ఒకే జాతి పాము విషం కూడా ప్రాంతాన్ని బట్టి మారుతుందని బెంగళూరు సైంటిస్టులు చూపించారు. అంటే మన పింజర మీద ఈ మందు ఎంత పని చేస్తుందో తెలియాలంటే, మన వార్డుల్లో పేషెంట్లకి ఏమైందో ఎవరో కూర్చుని రాసుకోవాలి. కరిచిన టైమ్, వచ్చిన టైమ్, ఎన్ని వయల్స్, కిడ్నీ ఏమైంది. ఎండీ చేసే ప్రతి పీజీ ఒక థీసిస్ ఇవ్వాలి, దానికి ముందు ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలి.

మీ నాన్న మంచం పక్కన మీరుంటే, ఒక పీజీ కాగితం తెచ్చి సంతకం అడిగితే, ఇది వైద్యానికా, స్టడీకా అని అడగండి. స్టడీకి అయితే తెలుగులో చదివి చెప్పమనండి. వద్దనే హక్కు మీకుంది, వద్దన్నందుకు వైద్యం తగ్గకూడదు. ఫోన్ పట్టుకుని వెళ్లేది మీరే, ఇంట్లో పెద్దవాళ్లు ఇవి అడగలేరు.

ఇంకొకటి. రక్తపింజర కాటుకి కిడ్నీలు దెబ్బతినొచ్చు, డయాలసిస్ అంటారు. ఆ మాట వినగానే మన ఉత్తరాంధ్రలో అందరికీ ఉద్దానమే గుర్తొస్తుంది. ఇక బతుకంతా ఇదే అనుకుని, డబ్బు దండగని, చెప్పకుండా పేషెంటుని ఇంటికి తీసుకెళ్లిపోయేవాళ్లున్నారు. రెండూ ఒకటి కాదండి. ఉద్దానంలో కిడ్నీ ఏళ్ల తరబడి మెల్లగా పాడవుతుంది. పాముకాటులో ఒక్కసారిగా ఆగిపోతుంది, చాలామందికి కొన్ని వారాల డయాలసిస్‌తో మళ్లీ పని మొదలుపెడుతుంది. ఆ కొన్ని వారాలు ఉండగలిగితే మనిషి మళ్లీ చెరకు నరకడానికి వెళ్తాడు. ఈ ఒక్క విషయం మీ ఊరి గ్రూపులో వెయ్యండి చాలు.

డిశ్చార్జ్ అప్పుడు ఇచ్చే కాగితాన్ని ఫోటో తీసి పెట్టుకోండి. మందు ఎక్కించిన ఒకటి రెండు వారాలకి జ్వరం, కీళ్లనొప్పులు, దద్దుర్లు వస్తే అది విషం తిరగబెట్టడం కాదు, ఆ మందుకి ఒంట్లో వచ్చే రియాక్షన్. దానికీ వైద్యం ఉంది. ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా ముందు ఆ కాగితం చూపించండి. వచ్చే ఎపిసోడ్‌లో కుక్కకాటు, దాని ఇంజెక్షన్ల లెక్క చూద్దాం. ఉంటాను.