అమ్మ చిట్టీ డబ్బు, మన సిటీ బాండ్లు: ఫండ్‌ని ఎలా చూడాలి?

లాల్ దర్వాజాలో మా ఇంటి మేడ మీద నుంచి మాట్లాడుతున్నా. కింద ఆటోల హారన్లు వినిపిస్తే కొంచెం అడ్జస్ట్ అయిపోండి.

ఈసారి టాపిక్ మా ఇంట్లోదే. అమ్మకి చిట్టీ డబ్బులు నాలుగు లక్షలు వచ్చాయి. చెల్లి పెళ్లికని దాచింది. డల్లాస్‌లో ఉండే మా పెద్దమ్మ కొడుకు ఫోన్ చేసి, "పిన్ని డబ్బులు బ్యాంకులో ఎందుకురా, మ్యునిసిపల్ బాండ్ ఫండ్‌లో పెట్టు. ఇక్కడ రిటైరైన వాళ్లు చాలామంది అదే చేస్తారు" అన్నాడు. అమ్మ నా మొహం చూసింది. డబ్బు వీడియోలు చేసేది నేనే కదా, ఇరుక్కుపోయా.

అన్న చెప్పింది అక్కడికి కరెక్టే. అమెరికాలో ఊళ్లు, రాష్ట్రాలు తీసుకునే అప్పు మీద వచ్చే వడ్డీకి మామూలుగా ఫెడరల్ ఇన్‌కమ్ టాక్స్ ఉండదు. అందుకే అక్కడ ఆ ఫండ్లకి అంత గిరాకీ. అక్కడ కూడా రిస్క్ లేదని కాదు, 2013లో డెట్రాయిట్ నగరం ఏకంగా దివాలా పిటిషన్ వేసింది.

మన దగ్గర సీన్ వేరు. సెబీ 2017లో మ్యూచువల్ ఫండ్లని కేటగిరీలుగా విడదీసినప్పుడు మ్యునిసిపల్ బాండ్ ఫండ్ అని విడిగా పెట్టలేదు. దగ్గరగా ఉండేది 'బ్యాంకింగ్ అండ్ పీఎస్‌యూ ఫండ్'. అందులో కనీసం 80 శాతం బ్యాంకులు, ప్రభుత్వ సంస్థలు, ప్రభుత్వ ఆర్థిక సంస్థలు, మ్యునిసిపాలిటీల అప్పు పత్రాల్లో ఉండాలి. నేను కొన్ని ఫండ్ల పోర్ట్‌ఫోలియోలు తెరిచి చూశా. నాబార్డ్, సిడ్బీ, ఆర్‌ఈసీ లాంటి పేర్లే వరసగా కనిపించాయి. కార్పొరేషన్ల పేర్లు వెతుక్కోవాల్సి వచ్చింది. పన్ను కూడా చూడండి: 2023 ఏప్రిల్ 1 తర్వాత కొన్న డెట్ ఫండ్ లాభం మీ ఆదాయంలో కలిసిపోయి మీ స్లాబ్ ప్రకారమే టాక్స్ పడుతుంది. అంటే అన్న చెప్పిన ప్లస్ పాయింట్ ఇక్కడ లేనే లేదు.

సరే, మన ఊరి బాండ్ సంగతికొద్దాం. ఇది తెలిస్తే ఫండ్ మేనేజర్ ఏం పని చేస్తాడో అర్థమవుతుంది. ఎస్‌ఆర్‌డీపీ పేరుతో ఫ్లైఓవర్లు, రోడ్లు కట్టడానికి జీహెచ్‌ఎంసీ బాండ్లు అమ్మింది. 2018 ఫిబ్రవరిలో 200 కోట్లు, వడ్డీ 8.90 శాతం. అదే ఏడాది ఆగస్టులో 195 కోట్లు, 9.38 శాతం. 2019 ఆగస్టులో 100 కోట్లు, 10.23 శాతం. మొత్తం 495 కోట్లు. మన పక్కనే ఉన్న బహదూర్‌పురా ఫ్లైఓవర్, ఒవైసీ హాస్పిటల్ జంక్షన్ ఫ్లైఓవర్ ఎస్‌ఆర్‌డీపీవే. బాండ్ల రూపాయి ఏ పిల్లర్‌లోకి పోయిందో మాత్రం నన్ను అడగకండి.

లెక్కేశా. అసలు మొత్తం బాకీ ఉన్నంతకాలం ఈ మూడింటి మీద వడ్డీ ఏడాదికి 46 కోట్ల 32 లక్షలు. రోజుకి దాదాపు 12 లక్షల 70 వేలు! అది వచ్చేది కార్పొరేషన్ సొంత ఆదాయం నుంచే, అంటే మనం కట్టే ఇంటి పన్ను లాంటి వాటి నుంచి. మా వీధిలో ఇంటి పన్ను బకాయి ఉన్నవాళ్లు నాకు తెలుసు, పేర్లు చెప్పను, మళ్లీ రేపు వాళ్ల మొహమే చూడాలి.

ఇప్పుడు అసలు పాయింట్. 2018 ఆగస్టులో ఆర్‌బీఐ రెపో రేటు 6.50. 2019 ఆగస్టుకి 5.40కి దిగింది. దేశంలో వడ్డీ తగ్గుతుంటే మన కార్పొరేషన్‌కి మాత్రం వడ్డీ పెరిగింది. మధ్యలో, 2018 సెప్టెంబర్‌లో, ఐఎల్‌అండ్‌ఎఫ్‌ఎస్ చేతులెత్తేసింది. మంచి రేటింగ్ ఉన్న కంపెనీయే మునిగిందని మార్కెట్ మొత్తం భయపడింది. అప్పిచ్చేవాళ్లు గట్టిగా అడిగారు, తీసుకునేవాళ్లు ఒప్పుకున్నారు.

మీరు 8.90 శాతం బాండ్ పట్టుకుని ఉన్నారనుకోండి. అదే ఊరి కొత్త బాండ్ 10.23 ఇస్తుంటే మీది వంద రూపాయలకి ఎవరు కొంటారు? అదే రేటుకి లెక్క కడితే సుమారు 93 రూపాయలే పలుకుతుంది. వడ్డీ ఒక్క పైసా ఎగ్గొట్టలేదు, అయినా ధర పడింది. ఫండ్‌లో ఉంటే ఈ దెబ్బ ఎన్‌ఏవీలో పడుతుంది.

అందుకే ఫండ్ చూసేటప్పుడు నేను రిటర్న్ కంటే ముందు 'మాడిఫైడ్ డ్యూరేషన్' చూస్తా. ఫ్యాక్ట్‌షీట్‌లో ఉంటుంది. అది 3 అంటే, మార్కెట్లో వడ్డీ ఒక శాతం పెరిగితే ఎన్‌ఏవీ దాదాపు 3 శాతం పడొచ్చు. ఆ తర్వాత మేనేజర్ పేరు, ఎప్పట్నుంచి ఉన్నాడో చూడండి. 2022లో రెపో 4 నుంచి 6.25కి ఎక్కింది. ఆ ఏడాది ఫండ్ ఎంత ఇచ్చిందో చూడండి. వడ్డీలు తగ్గే టైమ్‌లో ఎవడైనా హీరోనే. మేనేజర్ మధ్యలో మారితే ఆ అయిదేళ్ల రిటర్న్ ఈయన ఖాతాలో వేయకండి. డెట్ ఫండ్లు పదిహేను రోజులకోసారి పోర్ట్‌ఫోలియో బయటపెట్టాలి. రెండు మూడు తీసి పక్కపక్కన పెట్టండి, రేటింగ్ మెల్లగా కిందికి జారుతోందా అన్నది తెలిసిపోతుంది. 2020 ఏప్రిల్ 23న ఫ్రాంక్లిన్ టెంపుల్‌టన్ ఆరు డెట్ ఫండ్లు మూసేసింది గుర్తుందా? తర్వాత విడతలుగా డబ్బులు ఇచ్చారు, నిజమే. కానీ ఆ నెలలో ఇంట్లో పెళ్లి ఉన్నవాడి పరిస్థితి ఆలోచించండి.

ఖర్చు కూడా చూడండి. నాకొక ఏజెంట్ రెగ్యులర్ ప్లాన్ చూపించి డైరెక్ట్ ప్లాన్ ఊసే ఎత్తలేదు. రెండిటికీ తేడా 0.40 శాతం అనుకుంటే, నాలుగు లక్షల మీద ఏడాదికి 1,600. షేర్ల ఫండ్‌లో అయితే పట్టించుకోం, ఏడు శాతం వచ్చే చోట అది చిన్న మొత్తం కాదు.

ఇవన్నీ అమ్మకి చెప్పా. అరగంట విన్నది. "అన్న మంచిగనే చెప్పిండు బిడ్డా. గని పెళ్లి ముహూర్తం పెట్టినంక పైసలు అడిగితే ఎంత పెట్టిననో అంత ఒస్తదా?"

వస్తుందని గ్యారంటీ ఇవ్వలేను. పెళ్లి ఏడాదిన్నరలో ఉంది, నేను షార్ట్‌లిస్ట్ చేసిన ఫండ్ డ్యూరేషన్ మూడేళ్ల పైనే. అందుకే మొత్తం బ్యాంకు ఎఫ్‌డీలో వేశాం. ఒక బ్యాంకులో వడ్డీతో కలిపి 5 లక్షల దాకా డిపాజిట్ ఇన్సూరెన్స్ ఉంది కాబట్టి మా నాలుగు లక్షలు దాని లోపలే ఉన్నాయి. నా సొంత డబ్బులో ఇరవై వేలు మాత్రం ఆ ఫండ్ డైరెక్ట్ ప్లాన్‌లో పెట్టా, మూడేళ్లు ముట్టుకోను.

డల్లాస్ అన్నకి ఫోన్ చేసి చెప్తే, "మరి మీ బాండ్ కొనొచ్చు కదరా, మీ ఫ్లైఓవరే కదా" అన్నాడు. అన్నా, ఆ బాండ్లు పెద్ద ఇన్వెస్టర్లకే అమ్మారు, ఒక్కోటి పది లక్షలు. 2023లో ఇండోర్ వాళ్లు మామూలు జనం కూడా కొనేలా పబ్లిక్ ఇష్యూ పెట్టారు. మన దగ్గర అట్లా వస్తే మా అమ్మతో కాదు గానీ, నీతో మాత్రం కొనిపిస్తా అన్నా.

మీ దగ్గర ఏదైనా డెట్ ఫండ్ ఉంటే దాని డ్యూరేషన్ ఎంతో, మేనేజర్ ఎప్పుడొచ్చాడో కామెంట్‌లో పెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో వాటిలోంచి రెండు తీసి, ఫ్యాక్ట్‌షీట్ స్క్రీన్ మీద పెట్టి చూద్దాం. కింద అమ్మ పిలుస్తోంది, వెళ్తున్నా.